నీలం స్క్రీన్ వస్తే హార్డ్‌డిస్క్ పోయినట్టేనా? పాత డిస్కులు, డ్రైవర్లు: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం కూడా ఇదే కథ. టెక్కలి అవతల నుంచి ఒక పెద్దాయన సీపీయూని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని శ్రీకాకుళం తెచ్చారు. కౌంటర్ మీద దించకముందే అడిగారు. "హార్డ్‌డిస్క్ పోనాదట బాబూ. లోపలున్నవి ఏమైనా దక్కుతాయేటి?" పోయిందని ఎవరు చెప్పారండీ అంటే, ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడట. ఏం చూసి చెప్పాడంటే, నీలం స్క్రీన్ చూసి.

ప్లగ్ పెట్టి ఆన్ చేశాను. విండోస్ 7 లోగో వచ్చింది, నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసింది, మళ్లీ రీస్టార్ట్. మళ్లీ అంతే. ఆ మెరుపుని సెల్‌తో వీడియో తీసి ఆపి చూస్తే, అంకెల చివర 7బి. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళితే తేదీ 2009 జనవరి 1 చూపిస్తోంది. సాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, ఐడీఈలో ఉంది. ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేశాను. డెస్క్‌టాప్ మీద మనవరాలి ఫొటోతో సహా అన్నీ వచ్చేశాయి. ఆయన నా ముఖాన్నీ స్క్రీన్‌నీ మార్చి మార్చి చూశారు. నాకేమో సంతోషం కంటే చిరాకే ఎక్కువ వేసింది. ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు.

పాత మెషీన్లు, పాత డిస్కులు, వాటి డ్రైవర్ల (విండోస్ పరికరాలతో మాట్లాడటానికి వాడే చిన్న సాఫ్ట్‌వేర్ల) మీద జనంలో తిరిగే మాటలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదొక్కటే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: "7బి నీలం స్క్రీన్ వచ్చిందంటే హార్డ్‌డిస్క్ పోయినట్టే. ఫార్మాట్ కొట్టించడమో, కొత్తది వేయించడమో తప్ప దారి లేదు."

వాస్తవం: 7బి అంటే, విండోస్ తాను బూట్ అవ్వాల్సిన డిస్కుని అందుకోలేకపోయింది అని. అంతే. డిస్క్ చచ్చిపోయిందని అందులో ఎక్కడా లేదు. నిజంగా పోయి ఉండొచ్చు కూడా, కాదనను. కానీ పాత మెషీన్ అయితే నేను మొదట అనుమానించేది డిస్కుని కాదు, బయోస్‌లో ఉన్న సాటా మోడ్‌ని.

ఆ మోడ్ మూడు రకాలుగా ఉంటుంది: పాత పద్ధతి ఐడీఈ, కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ, కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే రెయిడ్. డిస్క్ ఒకటే, కేబుల్ ఒకటే, కానీ ఒక్కో మోడ్‌కి ఒక్కో డ్రైవర్ కావాలి. విండోస్ వేసే రోజున ఏ మోడ్ ఉందో, దానికి సరిపడా డ్రైవర్‌నే బూట్ సమయంలో లేచేలా పెట్టుకుంటుంది. విండోస్ 7లో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లోపల ఉంటుంది గానీ, ఐడీఈలో విండోస్ వేసి ఉంటే అది నిద్రపోతూ ఉంటుంది. ఎక్స్‌పీలో అయితే ఆ డ్రైవరే లేదు. ఎక్స్‌పీ వచ్చింది 2001లో, ఏహెచ్‌సీఐ ఆ తర్వాత వచ్చింది. అలాంటిది రాత్రికి రాత్రి మోడ్ మారిపోతే, పొద్దున్న విండోస్‌కి తన డిస్కుతో మాట్లాడే మనిషే ఉండడు. అప్పుడు వచ్చేదే 7బి.

"నేనేం మార్చలేదండీ" అంటారు అందరూ. నిజమే, ఎవరూ మార్చరు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. బయోస్ సెట్టింగులు గుర్తుండేది దాని దయవల్లే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు బోర్డుకి స్టాండ్‌బై సప్లై అందుతుంది కాబట్టి, బ్యాటరీ నీరసించిపోయినా బయటపడదు. నాలుగు రోజులు కరెంటు లేకపోతే అప్పుడు తెలుస్తుంది. సెట్టింగులన్నీ చెరిగిపోయి, ఫ్యాక్టరీలో పెట్టినవి తిరిగొస్తాయి. ఒక బోర్డుకి అది ఐడీఈ, మరోదానికి ఏహెచ్‌సీఐ, కొన్ని ఆఫీసు మెషీన్లకి రెయిడ్.

మన జిల్లాలో ఇది ఎప్పుడు ఎక్కువ చూశానంటే, తిత్లీ తర్వాత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు తిరిగొచ్చాక నా షాపుకి వరసపెట్టి "హార్డ్‌డిస్క్ పోయిన" సీపీయూలే.

వాటిలో ఒకటి పలాస వైపు జీడిపప్పు వ్యాపారిది. ఆయన మొదట నా దగ్గరికి రాలేదు, దగ్గర్లో ఇంకెక్కడో చూపించారు. అక్కడ ఎక్స్‌పీ సీడీ పెట్టి చూశారట. కంప్యూటర్‌లో హార్డ్‌డిస్కే కనబడలేదని సెటప్ చెప్పింది. ఇంకేం, డిస్క్ పోయిందని ఖాయం చేసేశారు! నిజానికి ఆ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు కాబట్టి అది అలాగే అంటుంది, నిన్న కొన్న డిస్క్ పెట్టినా అదే అంటుంది. తర్వాత ఎందుకైనా మంచిదని విండోస్ 7 డీవీడీ పెట్టారు. దానికి కనబడింది. కనబడగానే సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసేశారు. ట్యాలీ డేటా మొత్తం సీ డ్రైవ్‌లోనే ఉంది. తొమ్మిదేళ్ల లెక్కలు.

పోయిందన్న డిస్క్ మీదే కొత్త విండోస్ ఎక్కిందంటే, డిస్క్ ఎక్కడ పోయినట్టండీ? ఈ ప్రశ్న అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన పదిహేను రోజులు దాని మీదే బిల్లులు కూడా కొట్టేశారు. పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేశాక రికవరీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? సగం కూడా రాలేదు. అప్పుడు మార్చాల్సింది టీ, రెండు బజ్జీల ఖరీదు చేసే బ్యాటరీ ఒకటి, బయోస్‌లో లైను ఒకటి.

కాబట్టి మీ పాత మెషీన్‌లో 7బి వస్తే, ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఇది చూడండి. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. తేదీ ఏ పాత సంవత్సరమో చూపిస్తున్నా, అంతకుముందే సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చి ఎఫ్1 నొక్కమన్నా, బ్యాటరీ పోయిందని అర్థం. తర్వాత డిస్కుల జాబితాలో మీ హార్డ్‌డిస్క్ మోడల్ పేరు ఉందా చూడండి. బయోస్‌కి విండోస్ డ్రైవర్‌తో పనిలేదు. పేరు సరిగ్గా కనబడితే డిస్క్ కనీసం పలుకుతోందన్నమాట. అప్పుడు సాటా మోడ్ ఏముందో కాగితం మీద రాసుకుని, వేరేదానికి మార్చి, సేవ్ చేసి బూట్ చేయండి. కాకపోతే మళ్లీ పాతదానికి మార్చేయండి. ఇలా మోడ్ మార్చినందువల్ల డేటా చెరగదు. రెయిడ్ మోడ్‌లో మాత్రం, దాని సొంత మెనూలోకి వెళ్లి కొత్త వాల్యూమ్ తయారుచేయమని చెప్పకండి. అక్కడ పోతుంది.

బయోస్‌లోనే పేరు లేకపోతే ముందు కేబుల్, పవర్ చూసుకోవాలి. అప్పటికీ రాకపోతే ఏ డ్రైవరూ ఏమీ చేయలేదు. అది వేరే వైద్యం. పాత సర్వర్లలో విడిగా స్కజీ కార్డు మీద ఉండే డిస్కులు దీనికి మినహాయింపు. అవి ఆ కార్డు సొంత బయోస్‌లో కనబడతాయి.

నేను బాగుచేసిన ప్రతి కేబినెట్ లోపలి రేకు మీద మార్కర్‌తో మోడ్ పేరు, బ్యాటరీ మార్చిన తేదీ రాసి పెడతాను. మా కుర్రాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

కావాలనే ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి వెళ్లాలనుకుంటే దానికి వరస ఉంది. విండోస్ 7లో ముందు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) ఏహెచ్‌సీఐ సర్వీస్ స్టార్ట్ విలువ 3 ఉంటే 0 చేసి, ఆ తర్వాతే బయోస్‌లో మార్చాలి. విండోస్ 10లో సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, బయోస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొస్తే చాలు, డ్రైవర్ లేస్తుంది. ఎక్స్‌పీ అయితే, ఐడీఈలోనే వదిలేయండి. దానికి స్పీడు నేర్పి ఏం చేస్తారు?

అపోహ: "డిస్క్ పెట్టగానే ఫార్మాట్ చేయమని అడుగుతోంది, డ్రైవర్ ప్రాబ్లమ్."

వాస్తవం: ఆ మెసేజ్ వచ్చిందంటేనే డ్రైవర్ పనిచేస్తోందని. డ్రైవర్ లేకపోతే ఆ మాట అడిగే దిక్కే ఉండదు. విండోస్‌కి డిస్క్ అందింది, అందులో రాసింది చదవడం రాలేదు. కారణాలు చాలా ఉండొచ్చు. ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఉండొచ్చు. సీసీ కెమెరా డీవీఆర్‌లోంచి తీసిన డిస్క్ అయితే దాని ఫార్మాట్ విండోస్‌కి తెలియకపోవచ్చు. ఇంకోటి చాలామందికి తెలియదు: పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో కొన్నిటి పెట్టె లోపలి బోర్డు సెక్టార్‌ని (డిస్క్ డేటా రాసుకునే చిన్న గడి) 4096 బైట్లుగా చూపిస్తుంది. పెట్టె పగిలిందని డిస్క్ బయటికి తీసి నేరుగా సాటాకి తగిలిస్తే 512గా కనబడి, ఖాళీ డిస్క్ అనుకుంటుంది. మళ్లీ అదే రకం పెట్టెలో పెడితే అన్నీ ఉంటాయి.

ఏదైనా సరే, క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనీషియలైజ్ చేయమన్నా క్యాన్సిలే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి నేనే నొక్కాను. షాపు పెట్టిన కొత్తలో, నరసన్నపేట ఫొటో స్టూడియో వాళ్ల 80 జీబీ ఐడీఈ డిస్క్ (సాటాకి ముందు వచ్చిన, వెడల్పు కేబుల్ రకం). రాత్రి పదకొండైంది, నిద్రమత్తు, రెండు డిస్కులు తగిలించి ఉన్నాయి, ఖాళీదే అనుకుని ఫార్మాట్ కొట్టాను. మౌస్ వదిలిన మరుక్షణం వేళ్లు చల్లబడిపోయాయి. రికవరీలో ఫొటోలు చాలావరకు వచ్చాయి గానీ పేర్లు, ఫోల్డర్లు పోయాయి. ఒక పెళ్లిలో తాళి కట్టే ఫొటోలు మాత్రం తెరుచుకోలేదు. స్టూడియో ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పటికీ ఆ వీధిలో వెళితే బండి కాస్త స్పీడు పెంచుతాను.

అపోహ: "నెట్‌లో డ్రైవర్లన్నీ వేసే సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది, అది రన్ చేస్తే సరి."

వాస్తవం: సౌండుకో, ప్రింటర్‌కో తప్పు డ్రైవర్ పడితే అవి పలకవు, అంతే. స్టోరేజ్ కంట్రోలర్‌కి (డిస్కుల్ని నడిపే చిప్) తప్పు డ్రైవర్ పడితే మెషీనే లేవదు. ఆ సాఫ్ట్‌వేర్లతో పాటు వచ్చే చెత్త సంగతి సరే సరి. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ లేని పరికరం పక్కన ఉండే పసుపు గుర్తు మీద ప్రాపర్టీస్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెండర్ దగ్గర 8086 ఉంటే ఇంటెల్, 1106 ఉంటే వయా, 10డీఈ ఉంటే ఎన్విడియా, 9005 ఉంటే అడాప్టెక్. దాన్ని పట్టుకుని బోర్డు కంపెనీ సైట్‌లోనే వెతకండి. 64 బిట్ విండోస్‌కి 32 బిట్ డ్రైవర్ ఏ ట్రిక్కుతోనూ ఎక్కదు, రాత్రులు పాడుచేసుకోకండి.

అపోహ: "ఎఫ్6 ఫ్లాపీలు పాత కథ."

వాస్తవం: ఎక్స్‌పీ సెటప్‌లో ఎఫ్6 నొక్కి డ్రైవర్ ఇచ్చేటప్పుడు అది ఫ్లాపీ తప్ప ఇంకేదీ ఒప్పుకోదు, పెన్‌డ్రైవ్ చూపిస్తే వినదు. అందుకే నా దగ్గర స్టీలు టిఫిన్ బాక్సులో ఇప్పటికీ కొన్ని ఫ్లాపీలున్నాయి. మా ఆవిడ ఆ బాక్సు మీద ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. సరే, కొత్త ల్యాప్‌టాప్‌లకి ఈ బాధ లేదనుకుంటారా? ఇంటెల్ 11వ తరం నుంచి చాలావాటిలో వీఎండీ (ఎస్ఎస్‌డీని ఇంటెల్ సొంత కంట్రోలర్ వెనక పెట్టే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే విండోస్ సెటప్‌కి ఎస్ఎస్‌డీ కనబడదు, లోడ్ డ్రైవర్ అని ఇవ్వాల్సిందే. ఇంటెల్ వాళ్లు ఇచ్చే ఆ డ్రైవర్ ఫోల్డర్ పేరు చూడండి, ఎఫ్6 తర్వాత ఎఫ్, ఎల్, పీ, వై అని ఉంటుంది. ఎఫ్6 ఫ్లాపీయే! ఇక్కడ కూడా అదే సంగతి: డిస్క్ కనబడలేదని కొత్త ఎస్ఎస్‌డీ కొనకండి.

మిగతావి గబగబా.

డ్రైవర్ వేస్తే డేటా పోతుందా? పోదు. భయపడి రెండేళ్లు మెషీన్ మూలన పెట్టినవాళ్లున్నారు, పాపం.

ఎక్స్‌పీలో డిస్క్ నత్తలా నడుస్తుంటే పోతున్నట్టేనా? ప్రతిసారీ కాదు. వరసగా ఎర్రర్లు వస్తే విండోస్ డీఎంఏ అనే వేగమైన పద్ధతి వదిలేసి, పీఐఓ అనే నెమ్మది మోడ్‌కి దిగిపోతుంది. తనంతట తాను పైకి రాదు. ముందు కేబుల్ మార్చి, డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. 40 తీగల కేబుల్ ఉంటే తీసేసి 80 తీగలది వేయండి, నీలం కొన బోర్డు వైపు.

పెద్ద ఐడీఈ డిస్క్ 137 జీబీ దగ్గరే ఆగిపోతోందంటే అది డిస్క్ లోపం కాదు, 28 బిట్ అడ్రసింగ్ (డిస్కులో చోట్లకి నంబర్లిచ్చే పాత పద్ధతి) హద్దు. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1, బోర్డుకి ఆ హద్దు దాటగల బయోస్ ఉండాలి.

డిస్కుని యూఎస్‌బీకి తగిలించే కన్వర్టర్‌కి డ్రైవర్ సీడీ ఇవ్వలేదని గొడవపడకండి, విండోస్ 98 కాలం దాటాక అది అక్కర్లేదు. ఐడీఈ డిస్క్ కన్వర్టర్‌లో కనబడకపోతే జంపర్ (డిస్క్ వెనక పిన్నుల మీది చిన్న క్లిప్పు) మాస్టర్‌లో ఉందా, డెస్క్‌టాప్ సైజు పెద్ద డిస్కుకి విడిగా 12 వోల్టుల అడాప్టర్ పెట్టారా చూడండి. సగం ఫోన్లు ఈ అడాప్టర్ మరిచిపోయినవాళ్లవే.

షాపుకి తెచ్చేటప్పుడు సీపీయూతో పాటు మదర్‌బోర్డు సీడీ అటక మీద ఎక్కడైనా ఉంటే అదీ తెండి, గీతలు పడినా పర్లేదు. ఎవరి ఇంట్లోనైనా పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ ఉంటే అమ్మమని అడుగుతున్నాను. నా దగ్గరున్నది పోయిన నెల పోయింది. అది మాత్రం నిజంగానే పోయింది.