‘ఏమీ ఆలోచించకండి’ అన్నాక మెదడులో ఏం జరుగుతుంది?

ఎంఆర్ఐ స్కానర్ గొట్టంలో పడుకోబెట్టి చెప్పేది ఇంతే: కదలకండి, ఎదురుగా ఉన్న ప్లస్ గుర్తును చూస్తూ ఉండండి, ఏమీ ఆలోచించకండి. ఇక కొన్ని నిమిషాలు దడదడ చప్పుడే. డిప్రెషన్‌లో ఉన్న ఆడమనిషిని ఆలోచించొద్దనడం ఎంత విడ్డూరమో అలా ఉంచితే, ఆమె మెదడు భాగాల మధ్య లంకెల గురించి వచ్చే వార్తల్లో చాలావాటికి ముడిసరుకు ఆ కొన్ని నిమిషాలే.

ఊరికే పడుకున్నప్పుడు మెదడు నుంచి వచ్చే సంకేతాలను ఒకప్పుడు ఉత్త రొద అనుకునేవారు. చేతులు కదపకుండా ఊరికే పడుకున్నా, కుడి ఎడమల కదలిక కేంద్రాలు ఒకే లయలో నడుస్తాయని 1995లో పరిశోధకుడు భరత్ బిస్వాల్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో చూపించారు. ఇలా ఒకే లయలో నడవడాన్నే లంకె అంటారు. పనేమీ లేనప్పుడు చురుగ్గా ఉండే భాగాలకు 2001లో మార్కస్ రేకల్ బృందం ‘డిఫాల్ట్ మోడ్’ అని పేరు పెట్టింది. మన గురించి మనం తలపోసుకునేటప్పుడు పనిచేసేవీ అవే. 2007లో మైకేల్ గ్రీషియస్ 28 మంది డిప్రెషన్ రోగులను చూస్తే, ఈ డిఫాల్ట్ మోడ్ భాగాల వలకూ దిగులుతో ముడిపడిన లోపలి భాగానికీ లంకె ఎక్కువగా కనిపించింది.

డిప్రెషన్ ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. దిగులు పుడితే మగవాళ్లు వేరే వ్యాపకంలో పడతారు, ఆడవాళ్లు దాన్నే నెమరేస్తారని మనస్తత్వవేత్త సూజన్ నోలెన్-హోక్సెమా 1987లో ప్రతిపాదించారు. (అంట్లు తోముతూ నెమరేయొచ్చు, పేకాడుతూ కుదరదు. వ్యాపకాలు పంచిందెవరో కూడా అడగాలి.) నెమరూ, డిఫాల్ట్ మోడూ అతికినట్టు సరిపోయాయి. మరీ చక్కగా సరిపోయాయని నా అనుమానం.

ఎందుకంటే నాడీశాస్త్రం ఆడవాళ్లను చాలాకాలం పక్కనపెట్టేసింది. మగ జంతువులతో మాత్రమే చేసిన పరిశోధనలు, ఆడవాటితో మాత్రమే చేసినవాటికి అయిదున్నర రెట్లని 2011లో లెక్క తేలింది. హార్మోన్ల హెచ్చుతగ్గులు ఫలితాలను చెడగొడతాయన్నది సాకు. 2014లో 293 పత్రాలు తిరగేస్తే, ఆడ ఎలుకల ఫలితాల్లో హెచ్చుతగ్గులు మగవాటికంటే ఎక్కువేమీ కావని తేలింది.

2019లో కథ అడ్డం తిరిగింది. చైనాలో పాతిక బృందాలు 1,300 మంది రోగుల స్కాన్లు కలిపి చూస్తే, డిఫాల్ట్ మోడ్ లోపలి లంకెలు పెరగడం అటుంచి, ఆరోగ్యవంతుల కంటే తక్కువగా ఉన్నాయి. అదీ డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లలో. ఆ తగ్గుదలకు మందుల వాడకంతోనూ సంబంధం ఉంది. మెదడు స్కాన్లకూ మనిషి లక్షణాలకూ మధ్య ఇలాంటి ముడులు నిలకడగా తేలాలంటే వేలమంది కావాలని 2022లో మరో పెద్ద విశ్లేషణ చెప్పింది. ఇరవై ముప్పై మంది స్కాన్లలోంచి ఆడవాళ్లను వేరుచేసి, వాళ్లలో బాలింతలనూ, మందులు వాడేవాళ్లనూ, ముట్లుడిగినవాళ్లనూ విడదీస్తే చేతిలో మిగిలేది నలుగురైదుగురు.