నీటిలో రాకెట్‌కు థ్రస్ట్ పెరగదు

మొన్న మళ్లీ అదే ప్రశ్న. విశాఖలోనే చదువుతున్న ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కాగితాలు పట్టుకొచ్చారు. "సార్, నీళ్లు గాలికన్నా 800 రెట్లు సాంద్రం. రాకెట్ గ్యాస్ వాటిని గట్టిగా తన్నుతుంది కాబట్టి థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, ఎక్కువ రావాలి కదా?" నీటి తొట్టెలో రాకెట్ మోటార్లు పరీక్షించే నాకు ఈ మాట వినబడని ఏడాది లేదు.

అపోహ: రాకెట్ నీటిని తన్ని ముందుకు పోతుంది.

వాస్తవం: రాకెట్ దేన్నీ తన్నదు. గ్యాస్‌ను వెనక్కి విసురుతుంది, దాని ప్రతిచర్యే థ్రస్ట్. బయటి పీడనం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. నాజిల్ (గ్యాస్ బయటికి వచ్చే గొట్టం) మూతి 100 చదరపు సెంటీమీటర్లు ఉంటే, 40 మీటర్ల లోతులో సుమారు 400 కిలోల థ్రస్ట్ పోయినట్టే. అది మొదటి లెక్క మాత్రమే. గాలికోసం గీసిన నాజిల్‌నే నీటిలో దించితే గ్యాస్ నాజిల్ గోడను వదిలేసి, షాక్ తరంగం (పీడనం ఒక్కసారిగా పెరిగే చోటు) లోపలికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ లెక్క కూడా పనికిరాదు.

మరి ఈ నమ్మకం ఎక్కడిది? వెలిగిన తొలి క్షణంలో మూతి దగ్గరి నీరు చటుక్కున జరగదు. బుడగలో ఒత్తిడి పెరిగి థ్రస్ట్ గ్రాఫ్‌లో ఒక శిఖరం లేస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆ తర్వాతే అసలు సంగతి. జెట్ ఉబ్బుతుంది, నడుము సన్నబడుతుంది, తెగుతుంది. తెగిన చోటినుంచి గ్యాస్ తిరిగి నాజిల్ మీదికే కొడుతుంది. మళ్లీ ఉబ్బుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు కంటికి కనబడింది కదలని తెల్లటి స్తంభం. హైస్పీడ్ కెమెరా రికార్డింగ్ నెమ్మదిగా తిప్పితే ఆ స్తంభం ముక్కలు ముక్కలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక విద్యార్థి బృందం సగటు థ్రస్ట్‌కు సరిపడా పరీక్ష స్టాండు బిగించుకుంది. ఆ దెబ్బలకు బోల్టు విరిగి, బలాన్ని కొలిచే లోడ్ సెల్ పోయింది, పిల్లల ఏడాది కష్టం పోయింది. సగటు చూసి బోల్టు ఎంచకండి బాబూ, ఊగిసలాట చూడండి.

నీటిలో మంట ఆరిపోతుందా? ఆరదు. ఆక్సిజన్ ఇచ్చే అమ్మోనియం పెర్క్లోరేట్ ఇంధనంలోనే ఉంటుంది.

నీటిలో రాకెట్ వెలిగిస్తే సునామీ వస్తుందా? ఈ పుకారు పుట్టించేవాళ్లంటే నాకు కోపం. అడిగే జాలర్ల మీద కాదు, 2004 డిసెంబరు 26ను చూసిన కళ్లు వాళ్లవి. అప్పుడు సముద్రగర్భం వెయ్యి కిలోమీటర్లకు పైగా చీలింది. మోటారు జెట్ కొంత దూరంలోనే బుడగలై చల్లారిపోతుంది.

ఒక్క జాగ్రత్త. వలలో ఫ్లేర్ (ఓడలు వెలిగించే సంకేత మంట) గానీ, పొగ సిగ్నల్ గానీ పడితే, నానిపోయింది కదా, ఇక మండదు అని ఇంటికి తేకండి. ముట్టుకోకుండా మెరైన్ పోలీసులకు చెప్పండి.