సివ్ 6 మొదటి 60 టర్నులు: విస్తరణ, యుద్ధ సన్నాహాల మీద అపోహలు - వాస్తవాలు

సివిలైజేషన్ 6 (సివ్ 6) అంటే టర్ను టర్నుగా, అంటే వంతులవారీగా, ఒక దేశాన్ని నగరం నగరంగా పెంచుకుంటూ పోయే కంప్యూటర్ ఆట. దాన్ని కొత్తగా ఆడేవాళ్లకి నేర్పుతుంటాను, వాళ్ల సేవ్ ఫైళ్లు తెరిచి చూస్తుంటాను. ఎందుకు ఓడిపోయారు అని అడిగితే దాదాపు అందరూ 150వ టర్నులో ఎవరు దండెత్తి వచ్చారో చెప్తారు. నేను మాత్రం 40వ టర్నుకి ఎన్ని నగరాలు, ఎంతమంది సైనికులు అనే అడుగుతాను, ఎందుకంటే చాలా ఆటల్లో సంగతి అప్పటికే తేలిపోయి ఉంటుంది, ఆడేవాళ్లకి తెలిసేసరికి మాత్రం వంద టర్నులు పడుతుంది. కింద చెప్పే అంకెలన్నీ స్టాండర్డ్ స్పీడుకి, గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు ప్యాక్ వేసుకున్న ఆటకి.

అపోహ: ముందు విస్తరణ, సైన్యం సంగతి తర్వాత చూసుకోవచ్చు

అన్నిటికన్నా ఎక్కువ ఆటల్ని ముంచేది ఇదే. ఇది "ఏ దారి పట్టాలి" అనే ప్రశ్న అనుకుంటారు, శాంతి దారి ఒకటి, యుద్ధం దారి ఇంకొకటి అన్నట్టు. నిజానికి రెండూ ఒకే ప్రొడక్షన్‌లోంచి (నగరం ఏదైనా తయారుచేసే శక్తి) వస్తాయి, రెండూ ఒకదానికొకటి పనికొస్తాయి. తోడు లేకుండా బయల్దేరిన సెట్లర్‌ని (కొత్త నగరం కట్టే యూనిట్) బార్బేరియన్లు (ఏ దేశానికీ చెందని దోపిడీ మూకలు) ఎత్తుకుపోతే పోయేది ఒక్క యూనిట్ కాదు, దానికి పెట్టిన 80 ప్రొడక్షన్, రాజధానిలో తగ్గిన ఒక జనాభా, ఆ నగరం ఇవ్వాల్సిన పది పదిహేను టర్నుల ఆదాయం, అన్నీ పోతాయి.

ఆట తయారు చేసినవాళ్లే ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టారు చూడండి. మొదటి ప్రభుత్వం చీఫ్‌డమ్‌లో విధానాల కార్డులు పెట్టుకోవడానికి ఒక మిలిటరీ స్లాటు, ఒక ఎకనామిక్ స్లాటు ఉంటాయి. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ అనే సివిక్‌తో (సంస్కృతితో సాధించే మెట్టు) వచ్చే అగోగే కార్డు మిలిటరీలో పడుతుంది, ఎర్లీ ఎంపైర్‌తో వచ్చే కాలనైజేషన్ కార్డు ఎకనామిక్‌లో పడుతుంది. ఒకటి తొలి రెండు యుగాల కాలిబలాల మీద 50 శాతం అదనపు ప్రొడక్షన్ ఇస్తుంది, ఇంకోటి సెట్లర్ల మీద 50 శాతం ఇస్తుంది. అంటే 60 పడే ఆర్చర్ (విలుకాడు) 40కే వస్తుంది, 80 పడే సెట్లర్ సుమారు 53కి వస్తుంది, రెండూ ఒకేసారి. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ త్వరగా రావాలంటే మ్యాపులో మూడు టైల్స్ (గళ్లు) పొలం, గని లాంటివి కట్టి ఇంప్రూవ్ చేయాలి, ఎర్లీ ఎంపైర్‌కి మొత్తం జనాభా 6 అవ్వాలి. ఒక్క బిల్డర్‌కి (టైల్స్ ఇంప్రూవ్ చేసే పనివాడు) మూడు ఛార్జీలే, అంటే మూడు పనులే, ఉంటాయి కాబట్టి మొదటి బిల్డర్‌ని దేనికి వాడాలో వేరే చెప్పక్కర్లేదు.

నేను ఎక్కువగా స్కౌట్ (దారులు వెతికేవాడు), స్లింగర్ (వడిసెలతో రాళ్లు విసిరేవాడు), సెట్లర్ అనే వరసలో మొదలుపెడతాను. రెండో స్థానంలో వారియర్ (దగ్గరగా కొట్లాడే సైనికుడు) కాకుండా స్లింగర్ ఎందుకంటే, దానికి 35 ప్రొడక్షనే, టర్నుకి బంగారం అడగదు, దాంతో ఏ యూనిట్‌నైనా ఒకదాన్ని చంపితే ఆర్చరీ యురేకా (ఆ టెక్నాలజీని త్వరగా తెచ్చే ఊతం) వస్తుంది. తర్వాత బంగారంతో దాన్నే ఆర్చర్‌గా మార్చుకోవచ్చు. బార్బేరియన్ స్కౌట్ ఒకడు మీ నగరం దగ్గరికి వచ్చి చూసి వెనక్కి తిరిగాడంటే వాడి శిబిరం నుంచి గుంపు బయల్దేరబోతోందని అర్థం. వాణ్ని వెళ్లనివ్వకుండా దారిలోనే ఆపాలి, అది మొదటి 20 టర్నుల్లో అన్నిటికంటే చవకైన యుద్ధం.

అపోహ: నాలుగు నగరాలు చాలు

ఇది సివ్ 5 నుంచి వెంటబడి వచ్చిన అలవాటు. అక్కడ స్టాండర్డ్ మ్యాపులో ఒక్కో కొత్త నగరానికి సైన్స్ ఖర్చు 5 శాతం పెరిగేది, దేశం మొత్తానికి ఒకటే సంతోషం లెక్క ఉండేది, కాబట్టి నాలుగు పెద్ద నగరాలు కట్టుకుని కూర్చోవడం తెలివైన పని. సివ్ 6లో ఆ రెండూ లేవు. సంతోషాన్ని ఏ నగరానికి ఆ నగరం లెక్కేస్తారు, మొదటి ఇద్దరు జనాభాకి అమెనిటీ (జనాన్ని సంతోషంగా ఉంచే సదుపాయం) అసలు అక్కర్లేదు, ఒక లగ్జరీ వనరు నాలుగు నగరాలకి సరిపోతుంది.

డిస్ట్రిక్టుల (నగరంలో ఒక్కో పనికి కట్టే ప్రత్యేక పేటలు) లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జనాభా 1 ఉన్నప్పుడు ఒక డిస్ట్రిక్టు, 4కి రెండోది, 7కి మూడోది. సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్టు క్యాంపస్, అది ఒక్కో నగరానికి ఒకటే. ఒకే నగరాన్ని పదికి పెంచడానికి కష్టపడితే వచ్చేది ఒక క్యాంపస్, అదే జనాభా మూడు నాలుగు చిన్న నగరాల్లో ఉంటే మూడు నాలుగు క్యాంపస్‌లు. పైగా డిస్ట్రిక్టు ఖర్చు మీ టెక్నాలజీ ముందుకెళ్లేకొద్దీ పెరుగుతుంది, కానీ మ్యాపు మీద దానికి స్థలం కేటాయించిన క్షణంలో ధర పెరగడం ఆగిపోతుంది. అందుకే కొత్త నగరం కట్టగానే, పూర్తిచేసే ఉద్దేశం ఇప్పట్లో లేకపోయినా, డిస్ట్రిక్టు మాత్రం పెట్టేసి వదిలేయండి.

అలాగని గుడ్డిగా సెట్లర్లు చేసుకుంటూ పోవడం కూడా కాదు. సెట్లర్ ధర ప్రతిసారీ 30 పెరుగుతుంది: 80, 110, 140. ఒక దశ తర్వాత పక్కవాడి నగరాన్ని తీసుకోవడానికి పట్టే ఆర్చర్ల ఖర్చు, కొత్త సెట్లర్ ఖర్చు దగ్గరపడతాయి, అక్కడే విస్తరణ యుద్ధంగా మారుతుంది. ఆ మలుపు ఎప్పుడొస్తుందో ముందే చూసుకునేవాడికి, స్థలం అయిపోయాక ఉలిక్కిపడేవాడికి చాలా తేడా ఉంటుంది.

అపోహ: స్టోన్‌హెంజ్ కట్టకపోతే మతం పోయినట్టే

మతం స్థాపించే అవకాశం ఇచ్చే వండర్ (ఆటలో ఒక్కరే కట్టగల అద్భుత కట్టడం) స్టోన్‌హెంజ్, దానికి 180 ప్రొడక్షన్. మొదటి రెండు సెట్లర్లు కలిపి 190. ఇక లెక్క మీదే. పై స్థాయిల్లో ఏఐ (కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి) మీకంటే ముందు కట్టేస్తే ఆ 180లో చాలా భాగం గాల్లో కలిసిపోతుంది కూడా.

అపోహ: ఖాళీ స్థలం కనిపిస్తే నగరం పెట్టేయాలి

2018లో రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు ప్యాక్ వచ్చాక ఈ సలహా చెల్లదు. తొమ్మిది టైల్స్ లోపల ఉన్న ప్రతి జనాభా మీ నగరం మీద లాయల్టీ (విధేయత) ఒత్తిడి పెడుతుంది, దగ్గరున్నవాళ్లది ఎక్కువ, దూరంవాళ్లది తక్కువ. శత్రువు రాజధాని పక్కన ఒంటరిగా పెట్టిన నగరం కొన్ని టర్నుల్లో స్వతంత్ర నగరం అయిపోతుంది. నగరాలు దగ్గరదగ్గరగా, గొలుసులా సరిహద్దు వైపు పాకాలి. దగ్గరగా పెడితే టైల్స్ తగ్గిపోతాయని భయపడతారు కానీ తొలి వంద టర్నుల్లో ఏ నగరమూ తన టైల్స్ అన్నీ వాడదు.

అపోహ: సైన్యం ఎక్కువుంటే నగరం పడిపోతుంది

ఇక్కడ కాస్త ఆగి లెక్క అర్థం చేసుకోవాలి. యూనిట్‌కి 100 హెల్త్. ఇద్దరి బలం సమానమైతే ఒక దెబ్బకి సుమారు 30 పోతుంది. తేడా పెరిగేకొద్దీ నష్టం వేగంగా పెరుగుతుంది: బలం 25 ఉన్న ఆర్చర్ 20 ఉన్న వారియర్‌ని కొడితే సుమారు 36, అంటే మూడు బాణాలకి మనిషి పోతాడు. ఆర్చర్‌కి తిరుగు దెబ్బ పడదు. మైదానంలో ఆర్చర్లు గెలిపించడానికి కారణం ఇంతే.

అదే ఆర్చర్ నగరాన్ని కొట్టేటప్పుడు 17 బలం తగ్గుతుంది. గోడలు లేని నగరం మీద నలుగురైదుగురు ఆర్చర్లు ఉంటే అయినా లాగించేయొచ్చు, ఎందుకంటే గోడలు లేని నగరం తిరిగి బాణం వేయలేదు. గోడలు లేచాయంటే మాత్రం అదే పటాలం టర్నుల తరబడి అక్కడే నిలబడి చస్తుంది. మేసన్రీ టెక్నాలజీలోనే గోడలూ, వాటిని పగలగొట్టే బ్యాటరింగ్ రామ్ కూడా వస్తాయి. కాబట్టి దాడికి ముందు అడగాల్సిన ప్రశ్న "నా దగ్గర ఎంతమంది ఉన్నారు" అని కాదు, "వాడు గోడ కట్టేలోపు నేను అక్కడ ఉంటానా" అని. ఉండలేనంటే రామ్ ఒకటి, దాని పక్కన వారియర్లో స్వోర్డ్స్‌మన్లో ఇద్దరు ముగ్గురు తప్పనిసరి. గుర్రపు దళానికి రామ్ వల్ల ఏ లాభం లేదు, చాలామంది అది చూసుకోకుండా హార్స్‌మన్లని తోలుకెళ్తారు.

స్వోర్డ్స్‌మన్లు కావాలంటే సన్నాహం ఇంకా ముందే మొదలవ్వాలి. ఒక్కో స్వోర్డ్స్‌మన్‌కి 20 ఐరన్, ఒక గని టర్నుకి ఇచ్చేది 2. అంటే పది టర్నులకి ఒకడు. "ఐరన్ వర్కింగ్ వచ్చాక చూద్దాం" అనుకుంటే అప్పటికి నిల్వ సున్నా. బ్రాంజ్ వర్కింగ్ రాగానే ఐరన్ ఎక్కడుందో కనిపిస్తుంది, రెండో నగరమో మూడో నగరమో దాని పక్కనే పెట్టి, గని తవ్వి, నిల్వ పోగవుతుండగా వారియర్లు చేసి పెట్టుకోండి. గని తవ్వితే ఐరన్ వర్కింగ్ యురేకా కూడా వస్తుంది. టెక్నాలజీ చేతికొచ్చిన టర్నులో బంగారంతో అప్‌గ్రేడ్ చేసి నడిపించేయడమే. ఆ బంగారం కూడా ముందే దాచాలి, ఆర్చర్‌కి టర్నుకి 1, స్వోర్డ్స్‌మన్‌కి 2 చొప్పున జీతం పోతూనే ఉంటుంది మరి.

ఇంకో సంగతి. నగరం ప్రతి టర్నూ 20 కోలుకుంటుంది. చుట్టూ ఉన్న టైల్స్ అన్నీ మీ యూనిట్ల అదుపులోకి వస్తే కోలుకోదు. కొట్టడం మొదలుపెట్టే ముందు చుట్టుముట్టండి. దెబ్బతిన్న వారియర్‌ని వెనక్కి పంపే బదులు పక్కనున్న పొలాన్ని కొల్లగొట్టిస్తే అక్కడికక్కడే 50 హెల్త్ తిరిగొస్తుంది.

అపోహ: డీటీలో (అన్నిటికన్నా కష్టమైన స్థాయి) ఏఐ చాలా తెలివైనది

తెలివి అదే. సామాన్లు ఎక్కువ, అంతే. మూడు సెట్లర్లతో మొదలవుతుంది, ప్రతి యుద్ధంలోనూ 4 బలం అదనం. సమఉజ్జీ వారియర్లు ఢీకొంటే మీరు సుమారు 25 కొడతారు, మీకు 35 పడుతుంది. కాబట్టి మైదానంలో ఎదురెళ్లి కొట్టుకోకండి. కొండ మీద నిలబడితే 3, నది అవతలి నుంచి దాడి చేయిస్తే 5, రెండు టర్నులు కదలకుండా పాతుకుపోతే 6 కలుస్తాయి. వాళ్ల 4ని ఇవి మింగేస్తాయి, వెనకాల ఇద్దరు ఆర్చర్లుంటే దండయాత్ర మీ గుమ్మంలోనే కరిగిపోతుంది. ఆ తర్వాత ఎదురుదాడికి వెళ్తే నగరంలో కాపలా కూడా ఉండదు. యుద్ధం మొదలయ్యాక ఆర్చర్లని తయారు చేయడం మాత్రం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అపోహ: ముందు యుద్ధం ప్రకటించినవాడితో ఎవరూ మాట్లాడరు

కొంత నిజం ఉంది, భయపడేంత లేదు. గ్రీవెన్సులు (మీ మీద పేరుకునే ఫిర్యాదుల లెక్క) కాలంతోపాటు తగ్గుతాయి, 35వ టర్నులో చేసిన యుద్ధానికి కరగడానికి ఆట మొత్తం టైముంటుంది. ముందు డినౌన్స్ చేసి (బహిరంగంగా ఖండించి) 5 టర్నులు ఆగితే ఫార్మల్ వార్ ప్రకటించొచ్చు, సర్‌ప్రైజ్ వార్ (ముందు ఖండించకుండా నేరుగా ప్రకటించే యుద్ధం) కంటే తక్కువ గ్రీవెన్సులు పడతాయి. ఆ 5 టర్నులు ఎలాగూ సైన్యాన్ని సరిహద్దు దాకా నడిపించడానికి కావాలి.

సర్‌ప్రైజ్ వార్ తప్పకుండా చేయాల్సిన సందర్భం ఒకటుంది: ఏఐ సెట్లర్ కాపలా లేకుండా మీ వారియర్ పక్కనుంచి నడిచిపోతున్నప్పుడు. సివ్ 5లో పట్టుకున్న సెట్లర్ వర్కర్‌గా మారిపోయేది, ఇక్కడ సెట్లర్‌గానే మీ చేతికొస్తుంది. జనాభా తగ్గకుండా, ప్రొడక్షన్ పెట్టకుండా ఒక నగరం. పది టర్నులు కాచుకుంటే శాంతి ఒప్పందం అడగొచ్చు, చాలాసార్లు ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ పది టర్నులూ కాచుకోవడానికి నగరం దగ్గర ఆర్చర్లు ముందే ఉండాలి, లేకపోతే ఆ సెట్లర్‌ని వదిలేయండి.