బేరం ఫోన్‌లోకి వచ్చింది, మధ్యవర్తీ వెంటే వచ్చాడు

ఫోన్‌లో చూసి చీర కొనేవారికి ఒక షరతు కంఠతా వచ్చేసింది. పార్శిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయాలి. ఆ వీడియో లేకపోతే చీర చిరిగి ఉన్నా వాపసు తీసుకోరు. ఈ షరతు ఏ చట్టంలోనూ లేదు. అమ్మేవారు తమకు తాముగా పెట్టుకున్నారు, కొనేవారు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. విజయవాడ వన్ టౌన్ బట్టల వ్యాపారం గత పదేళ్లలో ఎటు నడిచిందో గమనిస్తే, అంగడికి, కొనుగోలుదారుకు మధ్య ఇలాంటి రాతలేని ఒప్పందాలు ఎన్ని పుట్టాయో తెలుస్తుంది. సామాజిక మాధ్యమాలు దళారులను తీసేస్తాయన్న మాట మొదట్లో గట్టిగా వినిపించింది. బెజవాడ, గుంటూరుల అనుభవం అలా లేదు. పాత దళారుల్లో కొందరు పోయారు, కొందరు వేషం మార్చారు, కొత్తవారు చాలామంది చేరారు.

వన్ టౌన్‌లోని వస్త్రలత వంటి హోల్‌సేల్ మార్కెట్ల పాత పద్ధతి తెలిసినదే. సూరత్ నుంచో, బెనారస్ నుంచో బేళ్లు దిగేవి. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి, ఖమ్మం జిల్లాల చిన్న ఊళ్ల నుంచి చిల్లర వర్తకులు వచ్చి, ముఖపరిచయం మీద అప్పు ఖాతా రాయించుకుని, మూటలు కట్టించి బస్సుల మీద వేయించుకుని వెళ్లేవారు. ఆ అంగడికి ప్రకటన అక్కరలేదు. పైగా ప్రకటన ప్రమాదం. హోల్‌సేల్ ధర ఊళ్లో చీర కట్టుకునే మనిషికి తెలియకపోవడం మీదే మొత్తం గొలుసు నిలబడింది. ప్రకటన అవసరమైనది బీసెంట్ రోడ్డు రిటైల్ దుకాణాలకు. పండుగ ముందు అక్కడ తోపులాటే ఒక ప్రకటన అనుకోండి.

ఆ రిటైల్ ప్రకటనల చరిత్ర కూడా ఒకసారి చూడాలి. సినిమాహాలులో ఆట మొదలుకాకముందు పడే స్లైడు, గోడ మీద రాత, రిక్షాకు కట్టిన మైకు చిన్న దుకాణదారుడికి అందుబాటులో ఉన్నవి. 1960లో విజయవాడలోనే పుట్టిన ఆంధ్రజ్యోతి, 1978లో ఇక్కడ ఎడిషన్ మొదలుపెట్టిన ఈనాడు పెద్ద వ్యాపారులకు వేదికలయ్యాయి. వీధి చివరి చెప్పుల దుకాణానికి పత్రికలో చోటు దొరికింది మాత్రం 1989 తరువాత, ఈనాడు జిల్లాకొక టాబ్లాయిడ్ అనుబంధం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు. తన సరుకు కొనని వేరే జిల్లా పాఠకుడి కోసం డబ్బు కట్టే పని లేకుండా, తన జిల్లా వరకే ప్రకటన ఇచ్చుకునే వీలు అప్పుడు కలిగింది. తరువాత కేబుల్ వచ్చింది, తెర అడుగున పాకే అక్షరాల వరుస వచ్చింది. ‘మీ దుకాణానికి అయిదు కిలోమీటర్ల లోపు ఉన్నవారికే చూపిస్తాం’ అని ఇప్పుడు ఫేస్‌బుక్ అమ్ముతున్న సరుకు కొత్తదేమీ కాదు. జిల్లా అనుబంధం చేసిన పనినే అది వీధి దాకా దించింది.

ఫేస్‌బుక్ 2006లోనే అందరికీ తలుపు తీసినా, ఇక్కడి వ్యాపారులు దాన్ని పిల్లల కాలక్షేపంగానే చూశారు. మలుపు 2016. ఆ ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది, సెప్టెంబరు 5న జియో దాదాపు ఉచితంగా డేటా పంచింది, నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఎనిమిది నెలల వ్యవధిలో వీడియో చూడగల ఫోను, ఫోన్‌లోనే డబ్బు కట్టే దారి, కట్టక తప్పని పరిస్థితి వచ్చిపడ్డాయి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా చీరల లైవ్, అంటే ఫోన్‌లో నేరుగా ప్రసారం చేస్తూ చీరలు అమ్మడం, అన్నది ఉండేది కాదు.

ముందు వచ్చింది లైవ్ కాదు, వాట్సాప్ గ్రూపు. హోల్‌సేల్ అంగడి వారు కొత్త సరుకు ఫోటోలు గ్రూపులో పెడతారు. వాటిని ఒక గృహిణి తన బంధువులకు, అపార్ట్‌మెంటు వారికి, పాత సహోద్యోగులకు పంపుతుంది. అంగడి ధర 600 ఉంటే తను 750 అని రాస్తుంది. ఆర్డరు వస్తే డబ్బు ముందు తన ఖాతాలోకి వస్తుంది, అందులోంచి అంగడికి కడుతుంది, అంగడివారు చీరను నేరుగా కొన్నవారి ఇంటికే పంపుతారు. పార్శిల్ మీద అంగడి పేరు ఉండదు. పంపినవారి చోట ఈమె పేరు ఉంటుంది. సరుకు కొనకుండా, నిల్వ పెట్టకుండా, గడప దాటకుండా చేసే ఈ వ్యాపారానికి రీసెల్లింగ్ అని పేరు స్థిరపడింది. 2015లో బెంగళూరులో మొదలైన మీషో ఈ అలవాటు మీదే పెద్ద కంపెనీగా ఎదిగింది.

దీన్ని చిన్నచూపు చూసేవారున్నారు, నాకు అది నచ్చదు. ఉద్యోగం మానేసి పిల్లల్ని చూసుకుంటున్న ఎందరో ఆడవారికి తమ పేరున వచ్చిన మొదటి సంపాదన ఇదే. అయితే వారు చేస్తున్నది పాత చిల్లర వర్తకుడి పనే. అతనికి ఉన్న అప్పు ఖాతా వీరికి లేదు, సరుకును చేత్తో తడిమి చూసే అవకాశమూ లేదు. చీర పాడై వస్తే తిట్లు తినేది వీరు. అంగడి వైపు మాత్రం వీరు గ్రూపులో ఒక నంబరు, అంతే. అప్పట్లో ఒక వాట్సాప్ గ్రూపులో 256 మందికి మించి చేరే వీలు లేదు కాబట్టి గ్రూప్ ఒకటి, రెండు, మూడు అంటూ పుట్టుకొచ్చాయి. 2018 జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకే పంపవచ్చని హద్దు పెట్టింది. పుకార్లతో జరుగుతున్న మూకదాడులను ఆపడానికి పెట్టిన నియమం అది. పట్టుచీర ఫోటోకూ అదే వర్తించింది.

అదే ఏడాది జనవరిలో మరో దెబ్బ. పేజీలు పెట్టే పోస్టుల కన్నా మిత్రులు, బంధువుల పోస్టులకే ముందుచోటు ఇస్తామని జుకర్‌బర్గ్ ప్రకటించాడు. అప్పటిదాకా ఉచితంగా వేలమందికి చేరిన దుకాణాల పేజీలు చతికిలబడ్డాయి. చేరాలంటే డబ్బు కట్టి ‘బూస్ట్’ చేయాలి. దానితో బూస్ట్ చేసిపెట్టే కుర్రాళ్లు, వారి చిన్న చిన్న ఏజెన్సీలు పుట్టాయి. పత్రికలో ప్రకటన ఏజెంటు తీసుకునే కమిషన్ పోయిందని సంతోషించిన దుకాణదారుడు నెలనెలా ఇంకొకరికి కట్టడం మొదలుపెట్టాడు.

2020లో లాక్‌డౌన్ తొలి రోజు మార్చి 25. అది ఉగాది. ముందున్నది పెళ్లిళ్ల కాలం, అంగళ్ల నిండా దాని కోసం తెచ్చిన సరుకు. షట్టర్ దించిన గదిలో ఫోను స్టాండుకు బిగించి, యజమానో, కోడలో, సేల్స్‌లో పనిచేసే అమ్మాయో ఒక్కో చీర విప్పి చూపించడం చాలాచోట్ల ఆ అవసరంలోంచే అలవాటయింది. నచ్చితే స్క్రీన్‌షాట్ తీసి కింద ఉన్న నంబరుకు పంపాలి. అన్నిటికన్నా పెద్ద మాట, ‘సింగిల్స్ కూడా ఇస్తాం’. అంటే హోల్‌సేల్ ధరకే ఒక్క చీర. తరాలుగా దాచిన రహస్యం ఆ ఒక్క మాటతో వీధిన పడింది. ఊళ్లోని చిల్లర దుకాణానికి వెళ్లి ‘వీడియోలో ఇంతకే ఇస్తున్నారుగా’ అని ఫోను చూపించి బేరమాడడం అప్పటినుంచే. ఆ ధర నిజంగా హోల్‌సేల్ ధరేనా అన్నది వేరే విషయం, చాలాసార్లు కాదు.

జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించింది. పట్టుమని పది రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడ మొదలైంది. టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్నవారు కొత్తచోట సున్నా నుంచి లెక్క పెట్టుకున్నారు. అంగడి ఒకరి స్థలంలో నడుస్తోందని మరోసారి గుర్తుచేసినది 2021 అక్టోబరు 4. ఆ రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు పనిచేయలేదు. లైవ్‌లకు అదే గిరాకీ వేళ, ఇంకో మూడు రోజుల్లో ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు. లైవ్ పెట్టే చోటు, ఆర్డరు తీసుకునే చోటు, వాపసు గొడవ పడే చోటు మూడూ ఒకే కంపెనీవి అయినప్పుడు జరిగేది అదే.

ఆ వాపసు గొడవ విషయంలో చట్టం చెప్పేది చాలామంది అనుకునేదానికి విరుద్ధం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపు, లేకపోతే 30 రోజుల లోపు తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడమూ అనుచిత పద్ధతే. కొన్నవారు తాము ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చీర కోసం గుంటూరు నుంచి సూరత్ పోనక్కరలేదు. వీడియో సాక్ష్యంగా పనికొస్తుంది, అది లేనంత మాత్రాన హక్కు పోదు. కాగితం మీద ఇంత బాగుంది. కానీ ఫిర్యాదు ఎవరి మీద? డబ్బు పంపినది రీసెల్లర్‌కు, సరుకు వచ్చినది పేరు రాయని గోదాము నుంచి, చూసినది మూడో మనిషి వీడియోలో. 700 రూపాయల చీర కోసం ఈ ముడి విప్పుకుంటూ కూర్చునేవారు అరుదు. అమ్మేవారికి ఆ సంగతి తెలుసు.

ఈ గందరగోళంలో ఎక్కువ నష్టపోతున్నది మంగళగిరి. గుంట మగ్గం మీద నేసే మంగళగిరి చీరకు నిజాం అంచు, గట్టి నేత ఆనవాళ్లు. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేత్తో పట్టుకుంటే మరమగ్గం బట్టకు, దీనికి తేడా అలవాటున్నవారికి వెంటనే తెలుస్తుంది. ఫోను తెర మీద తెలియదు. అంచు ఒకలా ఉంటే చాలు, ‘మంగళగిరి పట్టు’ అని పేరు పెట్టి సగం ధరకు అమ్మేయవచ్చు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించిన చట్టం 1985 నుంచి ఉంది, హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉంది. పది సెకన్ల రీల్‌లో ఆ గుర్తు అడిగేవారెవరు? మరోవైపు నేతకారుల ఇళ్ల పిల్లలు మగ్గం చప్పుడుతో సహా వీడియో తీసి నేరుగా అమ్ముకోవడమూ మొదలైంది. నూలు ఇచ్చి కూలీ కట్టే మాస్టర్ వీవర్ చేతిలోంచి ఒక చీర తప్పించుకున్నా వారికి మిగిలేది ఎక్కువే. కాకపోతే మగ్గం దగ్గర కూర్చునే మనిషే ఫోను పట్టుకుని వంద ప్రశ్నలకు జవాబు చెప్పాలి, కొరియరుకు వెళ్లాలి. ఆ పనికి ఒకరిని పెట్టుకున్నారంటే మళ్లీ మధ్యలో ఒక మనిషి చేరినట్టే.

పేరున్న మనుషుల చేత చెప్పించడం ఇంకో అంచె. తెనాలి ప్రాంతపు మస్తానమ్మ, వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పుచ్చకాయలో కోడికూర వండి, 2018 డిసెంబరులో చనిపోయేనాటికి యూట్యూబ్‌లో పది లక్షలకు పైగా చందాదారులను తెచ్చుకున్నది. ఆమెను చూసింది వంట కోసం. తరువాత వచ్చిన తిండి వీడియోల్లో ఏది రుచి, ఏది డబ్బు తీసుకున్న మాట అన్నది చూసేవారికి అంతుపట్టదు. ప్రకటన అయితే ఆ ముక్క స్పష్టంగా చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2022 జులై నుంచి, ప్రచారానికిచ్చిన ఫోనో, నగో ప్రచారం చేసినవారే ఉంచుకుంటే, ఏడాదిలో విలువ 20 వేలు దాటినప్పుడు పది శాతం పన్ను మూలంలో కోయాలి. ఆదాయపు పన్ను వారు కూడా ఈ వృత్తిని గుర్తించడం సహజమే.

గుంటూరు మిర్చి యార్డు సంగతి చూడండి. తేజ, బాడిగ రకాల మిర్చి ధరలు ప్రతి ఉదయం వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తిరుగుతాయి. పల్నాడు రైతు బస్తాలు ఎత్తకముందే రేటు చూసుకుంటున్నాడు, కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా, తేవాలా అని లెక్క వేసుకుంటున్నాడు. ఇది చిన్న లాభం కాదు. కమిషన్ ఏజెంటు మాత్రం కదలలేదు. ఎందుకంటే అతను ఇచ్చేది ధర సమాచారం ఒక్కటే కాదు, సాగుకు ముందు అప్పు. ధర చెప్పే వాట్సాప్ గ్రూపు అప్పు ఖాతా తెరవదు కదా.

వృత్తుల దగ్గరికి వస్తే, విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధులు. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం వైద్యుడు తన గురించి ప్రకటించుకోకూడదు, రోగిని పంపినవారికి కమిషన్ ఇవ్వకూడదు. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆచరణలో పల్లె ఆర్‌ఎంపీ ద్వారా, ఆసుపత్రి పీఆర్వో ద్వారా రోగులు రావడం ఈ వీధుల్లో అందరూ ఎరిగినదే. ఇప్పుడు రోగి బంధువు ముందుగా ఫోన్‌లో డాక్టరు వీడియో చూసి, గూగుల్‌లో నక్షత్రాలు లెక్కపెట్టి వస్తున్నాడు. మోకాలి నొప్పి గురించి చెప్పే వీడియో ఆరోగ్య సమాచారమా, ప్రకటనా? ఆ వీడియో రాసి, తీసి, బూస్ట్ చేసేది ఒక మార్కెటింగ్ ఏజెన్సీ అయితే, దానికి కట్టే డబ్బు ఆర్‌ఎంపీకి కట్టినదానికన్నా నైతికంగా ఎంత మెరుగు? నా మటుకు నాకు వీడియోనే నయమనిపిస్తుంది. కనీసం అందులో చెప్పినది తప్పయితే ఇంకో వైద్యుడు పట్టుకునే వీలుంది. న్యాయవాదులకూ ప్రకటనల నిషేధం ఉంది. 2008లో వెబ్‌సైటులో పేరు, చిరునామా, అర్హత వంటివి పెట్టుకోవడానికి మాత్రం బార్ కౌన్సిల్ ఒప్పుకుంది. న్యాయవాదుల సేవలను ఆన్‌లైన్‌లో అంగడి సరుకుగా పెట్టడాన్ని మద్రాసు హైకోర్టు 2024 జులైలో గట్టిగా తప్పుపట్టింది.

వైద్యుల కోసం జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు తెచ్చింది. సామాజిక మాధ్యమాల్లో ఏమి చెప్పవచ్చో, ఏమి కూడదో వాటిలో మొదటిసారి వివరంగా రాసింది. మందులకు జనరిక్ పేర్లే రాయాలన్న షరతు మీద వైద్యుల సంఘాలు భగ్గుమన్నాయి. ఆగస్టు 23న మొత్తం నిబంధనలనే పక్కన పెట్టారు. జనరిక్ గొడవలో సామాజిక మాధ్యమాల భాగమూ కొట్టుకుపోయి, ఫేస్‌బుక్ పుట్టడానికి రెండేళ్ల ముందు రాసిన 2002 నియమావళే మళ్లీ అమల్లోకి వచ్చింది.