విజిల్ కొలత కాదు: కుక్కర్ గురించి అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో నేను కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణం పెట్టి 22 ఏళ్లయింది. రోజూ వచ్చే మరమ్మతుల్లో సగం కుక్కర్లే. ఆ సగంలో నిజంగా చెడిపోయినవి తక్కువ. ఎవరో చెప్పిన మాట నమ్మి బాగున్న భాగాన్ని మార్చేసి, మార్చవలసిన భాగాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేసినవే ఎక్కువ. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే సంగతులనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. కుక్కర్‌లో అసలు పనిచేసే భాగాలు నాలుగే. మూతకూ గిన్నెకూ మధ్య ఆవిరిని బిగపట్టే రబ్బరు, ఆవిరి బయటికి వచ్చే సన్నని వెంట్ పైపు, దాని మీద కూర్చునే బరువు, ఇవన్నీ విఫలమైనప్పుడు తాను కరిగిపోయి ఇంటిని కాపాడే సేఫ్టీ వాల్వ్. మనం విజిల్ అని పిలిచేది ఆ బరువునే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొదటి ఆవిరి పాత్రను తయారుచేసిన తర్వాత, అది పేలకుండా ఉండడానికి రంధ్రం మీద బరువుతో నొక్కిపెట్టే ఏర్పాటునే కనిపెట్టాడు. ఇప్పుడు మన వంటింట్లో ఉన్నదీ ఆ సూత్రమే.

అపోహ: పప్పుకు నాలుగు విజిళ్లు, అన్నానికి మూడు, శనగలకు ఏడు.

కొందరు విజిల్ అంటారు, కొందరు సీటీ అంటారు, మా అమ్మ కూత అనేది. పేరు ఏదైనా అది కొలత కాదు. కుక్కర్ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఎక్కువైనప్పుడు బరువు పైకి లేచి అదనపు ఆవిరిని వదులుతుంది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందుకే వంట త్వరగా అవుతుంది. ఒకసారి ఆ స్థితికి చేరాక మంటను ఎంత పెంచినా లోపలి వేడి ఇక పెరగదు. మీరు పెంచిన మంట అంతా ఆవిరి రూపంలో వంటింటి పైకప్పుకు చేరుతుంది.

ఈ మాట నమ్మని ఒక పెద్దాయన కోసం దుకాణంలోనే చేసి చూపించాను. ఒకే 3 లీటర్ల కుక్కర్‌లో అర లీటరు నీళ్లు పోసి పెద్ద బర్నర్ మీద పూర్తి మంట పెడితే, మొదటి విజిల్ తర్వాత దాదాపు అర నిమిషానికొకటి చొప్పున వచ్చాయి. అదే కుక్కర్‌ను మొదటి విజిల్ వచ్చాక చిన్న బర్నర్ మీదికి మార్చి మంట తగ్గిస్తే, ఐదు నిమిషాలు గడిచినా రెండోది రాలేదు, కానీ బరువు అంచున సన్నగా ఆవిరి కదులుతూనే ఉంది. అంటే లోపల ఒత్తిడి నిలిచే ఉంది, వంట జరుగుతూనే ఉంది. మొదటి లెక్కన నాలుగు విజిళ్లు రెండు నిమిషాల్లో పూర్తవుతాయి, రెండో లెక్కన ఇరవై నిమిషాలైనా పూర్తికావు. ఇప్పుడు చెప్పండి, "నాలుగు విజిళ్లు" అన్న మాటకు అర్థమేమిటి?

అందుకే విజిళ్లు లెక్కపెట్టడం మాని గడియారం చూడమంటాను. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, అక్కడి నుంచి నిమిషాలు లెక్కించాలి. మా ఇంట్లో అరగంట నానిన కందిపప్పుకు 7 నిమిషాలు, రాత్రంతా నానిన శనగలకు 20 నిమిషాలు సరిపోతాయి. మీ పప్పును, మీ నీళ్లను బట్టి ఇది కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి రెండు మూడు సార్లు చూసుకుని మీ లెక్క మీరే రాసిపెట్టుకోండి.

దీనికి అనుబంధంగా ఇంకో ఫిర్యాదు తరచూ వింటాను. కుక్కర్ పాతబడిందని, పప్పు ఉడకడం లేదని తెస్తారు. పరీక్షిస్తే ఒత్తిడి సరిగ్గానే ఉంటుంది. తప్పు చాలాసార్లు పప్పుది లేదా నీటిది. ఏడాది పైగా డబ్బాలో నిల్వ ఉన్న పప్పు మొండికేస్తుంది. మా ప్రాంతపు బోరు నీళ్లలాంటి చవుడు నీళ్లలో మరీ మొండికేస్తుంది. గోంగూర, చింతచిగురు, చుక్కకూర వంటి పుల్లటి ఆకులను పప్పుతో కలిపి మొదటే వేసినా పులుపు వల్ల పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. పప్పును ముందు మంచినీళ్లలో ఉడికించి, పులుపు తర్వాత కలిపి చూడండి. కుక్కర్‌ను నా దగ్గరికి తెచ్చే అవసరం తప్పుతుంది.

అపోహ: విజిల్ పోతే ఏ కంపెనీది పెట్టినా ఒకటే.

ఈ తప్పు నేనే చేశాను, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దుకాణం పెట్టిన కొత్తలో మా వీధిలోని ఒకావిడ విజిల్ పోగొట్టుకుని వస్తే, డబ్బాలో ఉన్నవాటిలో గొట్టం మీద చక్కగా కూర్చున్నదాన్ని ఇచ్చి పంపాను. నెల తర్వాత ఆమె మళ్లీ వచ్చి, "తమ్ముడూ, ఇది కూస్తుంది గానీ ఉడికించదు" అంది. నాకు అర్థం కాక, డ్రిల్ బిట్లను ఒక్కొక్కటిగా గొట్టంలోకి దూర్చి రంధ్రం కొలిచాను. 4 మిల్లీమీటర్ల బిట్ సరిగ్గా పట్టింది. నేనిచ్చిన బరువు 3 మిల్లీమీటర్ల రంధ్రానికి చేసినది.

ఒక మిల్లీమీటరు తేడాకు ఏమవుతుందని అనుకోవద్దు. రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 0.07 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 70 గ్రాముల బరువు పెడితే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాకా నిలుస్తుంది. అదే 70 గ్రాములను 4 మిల్లీమీటర్ల రంధ్రం మీద పెడితే అర కిలో దాటగానే లేచిపోతుంది, లోపలి వేడి 112 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఇది ఆవిడ పప్పు కథ. దీనికి తలకిందులైనది మరీ ప్రమాదకరం. పెద్ద రంధ్రానికి చేసిన బరువైన విజిల్‌ను సన్నని రంధ్రం మీద పెడితే, కుక్కర్ తాను తట్టుకోవలసిన దానికన్నా ఎక్కువ ఒత్తిడిని మోస్తూ, పైకి ఏమీ తెలియనివ్వకుండా పొయ్యి మీద కూర్చుంటుంది. అందుకే విజిల్ కొనేటప్పుడు మూతను వెంట తెచ్చుకోండి, ఆ కంపెనీది, ఆ మోడల్‌దే అడగండి. "సైజు ఒకటే అక్కా" అని ఏ దుకాణదారు చెప్పినా నమ్మవద్దు. ఒకప్పుడు నేనూ చెప్పాను.

అపోహ: రబ్బరు వదులైతే ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుంటుంది.

చల్లదనానికి ఏ రబ్బరైనా కాస్త ముడుచుకుని గట్టిపడుతుంది. పొయ్యి మీద వేడెక్కగానే మళ్లీ మొదటికే వస్తుంది. ఆవిరి కారడానికి కారణం రబ్బరు వదులు కావడం కన్నా, అది గట్టిపడి సాగే గుణం కోల్పోవడమే ఎక్కువ. రబ్బరును వేళ్ల మధ్య గట్టిగా మడిచి చూడండి. మడత దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తే, వదిలాక వెంటనే గుండ్రంగా రాకపోతే, దాని పని అయిపోయింది. రోజూ వాడే ఇంట్లో ఏడాదికొకసారి మార్చడం మంచిది. కొత్తది తెచ్చినా కారుతోందంటే మూత అంచు చూడాలి. విజిల్ వదలగొట్టడానికో, కొబ్బరికాయ కొట్టడానికో మూతనో గిన్నె అంచునో వాడి సొట్ట తెచ్చుకున్న ఇళ్లు నాకు చాలా తెలుసు. పిడి మర వదులైనా మూత వంకరగా కూర్చుని ఆవిరి కారుతుంది. దానికి రబ్బరు కాదు, స్క్రూడ్రైవర్ కావాలి.

వాడాక రబ్బరును మూతలోంచి తీసి కడిగి ఆరబెట్టాలి, మూతను గిన్నెకు బిగించి దాచకూడదు. ఇంతకు మించి దీనికి ఏ రహస్యమూ లేదు.

అపోహ: సేఫ్టీ వాల్వ్ మాటిమాటికీ పోతోందంటే అది నాసిరకం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట ఇది. సేఫ్టీ వాల్వ్ మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల ఉంటుంది. నీళ్లు ఇంకిపోయి కుక్కర్ ఎండిపోయినా, వెంట్ పైపు మూసుకుపోయి వేడి, ఒత్తిడి మితిమీరినా ఆ బిళ్ల కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అంటే అది పోయిన ప్రతిసారీ ఒక ప్రమాదం తప్పిందన్నమాట. వాల్వ్‌ను తిట్టేవారు ఎందుకు పోయిందని మాత్రం చూసుకోరు.

రెండేళ్ల కిందట ఒక కుర్రవాడు రబ్బరు మార్చమని 5 లీటర్ల కుక్కర్ తెచ్చాడు. మూత తిరగేస్తే సేఫ్టీ వాల్వ్ ఉండవలసిన చోట ఇనుప బోల్టు, దానికి రెండు వైపులా వాషర్లు, చుట్టూ బూడిద రంగు ఎం-సీల్ పూత కనిపించాయి. వాళ్ల ఊళ్లో ఎవరో మరమ్మతుదారు "ఇక జన్మలో పోదు" అని చెప్పి బిగించాడట. నిజమే, అది పోదు. పోవలసివస్తే మూతే పోతుంది. వెంట్ పైపులోకి గుండుసూది దూర్చి చూస్తే సగానికి పైగా ఎండిన గంజి గడ్డకట్టి ఉంది. ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా దాని మీదే రోజూ వంట జరుగుతోంది. బోల్టు తీసి, కొత్త వాల్వ్ బిగించి, పైపు శుభ్రం చేసి ఇచ్చాను. ఆ బోల్టు ఇప్పటికీ నా కౌంటర్ మీద ఉంది, వాల్వ్ ఖరీదు గురించి బేరమాడేవారికి చూపించడానికి.

మీరు చేయవలసినది చిన్న పని. ప్రతిసారీ మూత పెట్టే ముందు వెంట్ పైపును వెలుతురుకు ఎదురుగా పెట్టి అందులోంచి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనిపించాలి. గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. పప్పు, బియ్యం వంటి నురగ వచ్చేవాటిని నేరుగా గిన్నెలో వండితే సగానికి మించవద్దు. పప్పులో చెంచాడు నూనె వేస్తే నురగ తగ్గి పైపులోకి ఎక్కడం తగ్గుతుంది. మన పెద్దవాళ్లు నూనె వేసింది రుచికే అనుకుంటాం గానీ, అది కుక్కర్‌కూ మేలు చేస్తుంది.

తొందరగా మూత తీయడానికి గరిటెతో విజిల్ ఎత్తడం, మూత మీద చెంబుతో నీళ్లు గుమ్మరించడం గురించి కూడా అడుగుతారు. లోపలి నీరు 120 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒత్తిడిని ఒక్కసారిగా తీసేస్తే ఆ నీరంతా ఒక్క ఉదుటున మరిగి పొంగుతుంది, పప్పు నురగ పైపులోంచి పైకప్పుకు చిమ్ముతుంది. ఐదు పది నిమిషాలు ఆగితే దానంతట అదే దిగుతుంది. ఆ నిమిషాల్లో వంట కూడా సాగుతుంది కాబట్టి పొయ్యి ముందే ఆపుకోవచ్చు.

అపోహ: అల్యూమినియం కుక్కర్ నల్లబడిందంటే విషం దిగుతోంది, అందులో తింటే మతిమరుపు వస్తుంది.

అల్యూమినియానికీ అల్జీమర్స్ వ్యాధికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానం 1960, 70 దశకాల్లో మొదలైంది. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో వంటపాత్రల వల్ల ఆ వ్యాధి వస్తుందని రుజువు కాలేదు. కుక్కర్ లోపల నీళ్లు నిలిచిన ఎత్తు వరకు వచ్చే నలుపు, నీటిలోని ఖనిజాలు, క్షారగుణం లోహపు పై పొరతో కలవడం వల్ల వచ్చే రంగు మార్పు మాత్రమే. అడుగు నీళ్లలో చింతపండు తొక్కనో, పిండేసిన నిమ్మచెక్కనో వేస్తే అది రాదు. వంటసోడా వేసి మరిగిస్తే తెల్లబడుతుందని కొందరు చెబుతారు. అది తలకిందుల సలహా, సోడా లోహాన్ని తిని ఇంకా నల్లబరుస్తుంది. అయితే పులుపు అల్యూమినియాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుందన్నది నిజం. కాబట్టి పులుసు, టమాటా కూర వండుకోవచ్చు గానీ రాత్రంతా అందులోనే ఉంచవద్దు. మా ఇంట్లో చారుకు స్టీలు గిన్నె, పప్పుకు అల్యూమినియం కుక్కర్.

కుక్కర్‌లో వండితే పోషకాలన్నీ నశిస్తాయన్నదీ అలాంటి మాటే. వేడి కాస్త ఎక్కువైనా సమయం బాగా తక్కువ, నీళ్లు పారబోయడం ఉండదు. అన్నం వార్చి గంజి పారబోసినప్పుడు నీటిలో కరిగే బి విటమిన్లు కొన్ని గంజితో పాటే పోతాయి, కుక్కర్‌లో ఆ నష్టం లేదు. మధుమేహం ఉన్నవారు ఎంత అన్నం తినాలన్నది మాత్రం కుక్కర్ మెకానిక్‌ను కాక డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్న.

కొత్తది కొనేవారికి రెండు మాటలు. ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్‌కు 2021 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 2347 అనీ, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్యా ఉండాలి. సంత దగ్గర తూకానికి అమ్మేవాటి మీద ఇవి కనిపించవు. స్టీలు కుక్కర్ అంటే ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసినట్టేనని అనుకోవద్దు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లి అడుగున పెట్టి చూడండి. అంటుకుంటే పనిచేస్తుంది, జారిపోతే పనిచేయదు.

ఇక పాత కుక్కర్‌ను ఎప్పుడు పక్కన పెట్టాలన్నది. దాన్ని మీ వంటింటి గ్రానైట్ బండ మీద పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా తిరిగితే అడుగు ఉబ్బిందన్నమాట. ఖాళీగా మాడిపోయిన కుక్కర్లు చాలావరకు ఇలాగే ఉబ్బుతాయి. అలాంటిదాన్ని నేను సుత్తితో సరిచేసి ఇవ్వను, ఎంత అడిగినా.