దాగిన చెవుడు: గొడవంతా ఏ ఎలుకను నమ్మాలన్న దగ్గరే

వినికిడి పరీక్షలో అంతా నార్మల్. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాత్రం మాట అందదు. ‘దాగిన చెవుడు’ అని పేరుపడ్డ ఈ ఇబ్బంది హెడ్‌ఫోన్స్ వాడేవాళ్లందరికీ తప్పదా అన్న వాదన మళ్లీ లేచింది. అవుననేవాళ్లు ఎలుకలను చూపిస్తున్నారు. ఏ జాతి ఎలుకో చెప్పడం లేదు.

2009లో చెవి పరిశోధకులు కుజావా, లిబర్‌మన్ చేసిన ప్రయోగం చాలామందికి తెలిసిందే. చిట్టెలుకలకు రెండు గంటలపాటు 100 డెసిబెల్స్ మోత వినిపించారు. రెండు వారాల్లో వినికిడి మామూలుకొచ్చింది. కానీ చెవిలో కీచు శబ్దాలు (ఎక్కువ ఫ్రీక్వెన్సీవి) అందుకునే చోట, శబ్దాన్ని పసిగట్టే లోమకణాలకూ మెదడుకు కబురు మోసే శ్రవణ నాడికీ మధ్య ఉండే సినాప్సుల్లో, అంటే సంకేతం దాటే అతుకుల్లో, సగం దాకా పోయాయి. నన్నడిగితే అసలు మలుపు ఇది కాదు, 2013లో గినీపిగ్‌ల మీద జరిగిన పని.

మత్తులో ఉన్న జంతువు శ్రవణ నాడిలోకి సన్నటి గాజు ఎలక్ట్రోడ్ దించి, ఒక్కో తంతువునూ విడిగా వింటారు. గదిలో చడీచప్పుడూ లేకపోయినా ఒక తంతువు సెకనుకు 60 సార్లు టపటపమంటుంది. ఇంకొకటి ఎప్పుడో ఒకసారి. మొదటి రకం గుసగుసకే లేస్తుంది, కాస్త మోత పెరగగానే దాని సత్తా అయిపోతుంది. రెండోది ఆలస్యంగా లేచి, గోలలోనూ తేడాలు పట్టగలదు. మోతకు గురైన గినీపిగ్‌లలో ఈ రెండో రకమే తగ్గినట్టు కనిపించింది. నిశ్శబ్దంలో పాస్, గోలలో ఫెయిల్. ఇంతకంటే చక్కగా కుదిరే వివరణ ఏముంటుంది? 1996లో ముసలి జర్బిల్‌లలోనూ (ఎడారి ఎలుకలు) ఈ రకమే తక్కువగా దొరికిందని అవుననేవాళ్లు గుర్తుచేశారు. అయితే అది వయసు చేసిన పని, మోత కాదు.

2021లో లిబర్‌మన్ బృందమే చిట్టెలుకల్లో ఒక్కో తంతువునూ పరీక్షిస్తే రెండు రకాల తంతువులూ తగ్గినట్టు తేలింది. గినీపిగ్‌లో తెగిన సినాప్సులు చాలావరకు మళ్లీ మొలుస్తాయి, ఈ చిట్టెలుకల్లో అలా జరగదు. అంటే 2013లో చూసింది నష్టాన్నా, సగం కుదురుకున్న మరమ్మతునా? పైగా మన మాటల్లో ఎక్కువ భాగం నడిచే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు చిట్టెలుకకు సరిగా వినిపించవు. ఆ విషయంలో జర్బిల్ మనకు దగ్గర.

మనుషుల సంగతికొస్తే, 2017లో మాంచెస్టర్ పరిశోధకులు 18-36 ఏళ్లవాళ్లను 126 మందిని పరీక్షించారు. జీవితంలో విన్న మోతకూ, శ్రవణ నాడి సంకేతం బలానికీ సంబంధం కనిపించలేదు. బతికున్న మనిషి చెవిలో సినాప్సులు లెక్కపెట్టలేం కదా అన్నది హెడ్‌ఫోన్స్‌తో ముప్పు తప్పదనేవాళ్ల జవాబు. అది నిజమే. అందుకే వాళ్లు మళ్లీ ఎలుకల దగ్గరికే వెళ్తున్నారు.