వియత్నాంలో కరెంటుకు తీగ చాలలేదు

వియత్నాం పొడవాటి, సన్నని దేశం. నడుమ ఒకచోట దాని వెడల్పు 50 కిలోమీటర్లే. ఉత్తరాన పుట్టిన కరెంటు దక్షిణానికి పోవాలన్నా, అటుది ఇటు రావాలన్నా ఆ ఇరుకులోంచే పోవాలి. ఆ దేశపు విద్యుత్ కష్టాల్లో సగం ఈ భూగోళం పెట్టినవే. మిగతా సగం ధరలు నిర్ణయించినవాళ్లు తెచ్చుకున్నవి.

1990ల మొదట్లో దక్షిణాన కరెంటు కొరత. ఉత్తరాన మాత్రం హోవా బిన్ జలవిద్యుత్ కేంద్రంలో, పూర్తయితే 1,920 మెగావాట్లది, మిగులు కనిపిస్తోంది. అప్పటి ప్రధాని వో వాన్ కియెట్ పట్టుబట్టి దక్షిణానికి 500 కేవీ (కిలోవోల్టుల) లైన్ వేయించారు. 1992 ఏప్రిల్‌లో పని మొదలైంది, 1994 మేలో కరెంటు పారింది. పొడవు 1,487 కిలోమీటర్లు.

ఈ అంకె చూసి అప్పట్లో చాలామంది ఇంజినీర్లు వద్దన్నారు. సెకనుకు 50 సార్లు (50 హెర్ట్జ్) అటూ ఇటూ ఊగే ఏసీ కరెంటు తరంగదైర్ఘ్యం దాదాపు 6,000 కిలోమీటర్లు, అందులో నాలుగో వంతు 1,500. లైన్ సరిగ్గా పావు తరంగం పొడవుంటే, అవతలి కొసన లోడు లేనప్పుడు అక్కడి వోల్టేజి అదుపు లేకుండా పెరిగిపోతుంది, సామగ్రి కాలిపోతుంది. అందుకే హా తిన్, డా నాంగ్, ప్లేకు దగ్గర సబ్‌స్టేషన్లు పెట్టి లైన్‌ను ముక్కలు చేశారు. పెరిగే వోల్టేజిని దించడానికి షంట్ రియాక్టర్లు, లైన్ విద్యుత్ పరంగా పొట్టిగా ప్రవర్తించడానికి సిరీస్ కెపాసిటర్లు బిగించారు. తర్వాతి కాలంలో దాదాపు ఇంతే దూరానికి, ఒడిశాలోని తాల్చేర్ నుంచి ఆంధ్ర మీదుగా కోలార్‌కు, మనవాళ్లు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) లైన్ వేశారు. డీసీలో ఈ పావు తరంగం గొడవే లేదు. కాకపోతే రెండు కొసలా ఖరీదైన కన్వర్టర్ స్టేషన్లు కావాలి, దారిలో ఊళ్లకు కరెంటు దించుకోవడం కష్టం.

పాతికేళ్లు తిరిగేసరికి అవసరం తలకిందులైంది. శాంసంగ్, ఫాక్స్‌కాన్ వంటి కంపెనీల ఫ్యాక్టరీలు ఉత్తరాన బాక్ నిన్, బాక్ జాంగ్ ప్రావిన్సుల్లో వెలిశాయి. ఎండ మాత్రం దక్షిణ కోస్తాలో, నిన్ థువాన్, బిన్ థువాన్‌లలో కాస్తుంది.

2017లో ప్రభుత్వం సోలార్ కరెంటును యూనిట్‌కు 9.35 అమెరికన్ సెంట్లకు 20 ఏళ్లపాటు కొంటామంది. షరతు ఒక్కటే: 2019 జూన్ 30లోగా ప్లాంటు నడవాలి. 2020 నాటికి 850 మెగావాట్ల సోలార్ వస్తే చాలని అప్పటి ప్రణాళిక. గడువు నాటికే సుమారు 4,460 మెగావాట్లు వచ్చిపడ్డాయి. తర్వాతి విడతలో నేల మీది ప్లాంట్లకు 7.09 సెంట్లు, రూఫ్‌టాప్‌కు 8.38 సెంట్లు ఇచ్చారు, గడువు 2020 డిసెంబరు 31. ఒక మెగావాటు లోపు రూఫ్‌టాప్‌కు జాతీయ ప్రణాళికలో చోటు అక్కర్లేదు. ఇంకేముంది, పొలాల్లో రేకుల షెడ్లు లేచాయి. పేరుకు పుట్టగొడుగుల సాగో, పశువుల కొట్టమో. అసలు పంట పైన ప్యానెళ్లే. ఆ ఒక్క డిసెంబరులోనే 6,000 మెగావాట్లకు పైగా రూఫ్‌టాప్ కలిసింది. ఏడాది ముగిసేసరికి దేశంలో సోలార్ మొత్తం సుమారు 16,500 మెగావాట్లు.

సోలార్ ప్లాంటు ఆరు నుంచి తొమ్మిది నెలల్లో లేస్తుంది. హైటెన్షన్ లైన్‌కు సర్వే, భూసేకరణ, టవర్లు కలిపి మూడేళ్లు తేలిగ్గా పడుతుంది. నిన్ థువాన్‌లోని 110 కేవీ లైన్లకు మధ్యాహ్నం వాటి శక్తికి రెండింతలు మించిన కరెంటు తయారయ్యేది. తీగలో మితిమీరి కరెంటు పారితే అది వేడెక్కి సాగుతుంది, కిందికి వేలాడుతుంది. రక్షణకు పెట్టిన రిలే ఆ లైన్‌ను కట్ చేస్తే దాని భారం పక్క లైన్ మీద పడి అదీ ట్రిప్ అవుతుంది. అలా కాకుండా గ్రిడ్‌ను నడిపే డిస్పాచ్ సెంటర్ ముందే ప్లాంట్లకు ఉత్పత్తి తగ్గించమని ఆదేశిస్తుంది. ఒప్పందాల్లో అలా తగ్గించినదానికి పరిహారం లేదు. అప్పు తెచ్చి కట్టినవాడికి వాయిదా ఆగదు, ఆదాయం ఆగుతుంది.

ధర సంగతి ఇంకా విచిత్రం. 9.35 సెంట్లంటే అప్పటి లెక్కలో 2,086 డాంగ్‌లు (వియత్నాం కరెన్సీ). 2019లో ప్రభుత్వం ఖరారు చేసిన సగటు అమ్మకం ధర 1,864 డాంగ్‌లు. కొనేది ఎక్కువకు, అమ్మేది తక్కువకు. దానికితోడు 2022లో బొగ్గు, గ్యాస్ ధరలు మండాయి. అమ్మకం ధర కదలకపోవడంతో కరెంటు కొని అమ్మే ప్రభుత్వ సంస్థ ఈవీఎన్ ఆ ఏడాది 26 లక్షల కోట్ల డాంగ్‌లకు పైగా నష్టపోయింది. అంత నష్టంలో ఉన్న సంస్థ కొత్త లైన్లకు డబ్బు ఎక్కడ తెస్తుంది?

2023 జూన్‌లో అసలు దెబ్బ తగిలింది. వానల్లేక ఉత్తరాన సోన్ లా (2,400 మెగావాట్లు), లై చావ్ (1,200 మెగావాట్లు) జలాశయాలు డెడ్ లెవెల్, అంటే టర్బైన్లు నడపడానికి ఉండాల్సిన కనీస మట్టం, కిందికి పోయాయి. సోన్ లాలో ఆ మట్టం 175 మీటర్లు. అంతకంటే దిగితే నీరు లోనికి పోయేచోట సుడి పుట్టి గాలిని లాగుతుంది, టర్బైన్ అదురుతుంది, రెక్కలు దెబ్బతింటాయి. ఉత్తరానికి 23,500 మెగావాట్లకు మించి కావలసినప్పుడు చేతిలో ఉన్నది 18,000 కూడా లేదు. పారిశ్రామికవాడల్లో వంతులవారీ కోతలు పెట్టారు. ఆ కోతల నష్టాన్ని ప్రపంచ బ్యాంకు సుమారు 140 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది.

ఆ ఎండాకాలం భయంతోనే మధ్య ప్రాంతంలోని క్వాంగ్ ట్రాచ్ నుంచి ఉత్తరాన ఫో నోయి దాకా 519 కిలోమీటర్ల మరో 500 కేవీ లైన్‌ను పరుగుల మీద కట్టి 2024 ఆగస్టు 29న ప్రారంభించారు. మధ్య ప్రాంతం నుంచి ఉత్తరానికి పంపగలిగేది సుమారు 2,200 నుంచి 5,000 మెగావాట్లకు పెరిగింది.

మధ్యాహ్నపు మిగులుకు కొంతైనా దారి దొరికినట్టే. సాయంత్రం మాత్రం ఎంత తీగ వేసినా ఎండ రాదు. అందుకే నిన్ థువాన్‌లోనే (2025లో ఖాన్ హోవాలో కలిపేశారు) బాక్ ఐ దగ్గర 1,200 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కడుతున్నారు. 300 మెగావాట్ల యూనిట్లు నాలుగు. పగటి మిగులుతో నీటిని కొండమీది జలాశయానికి తోడి, చీకటి పడ్డాక వదలాలని లెక్క. తోడడానికి ఖర్చయ్యే ప్రతి నాలుగు యూనిట్లకు తిరిగొచ్చేవి సుమారు మూడు. మధ్యాహ్నం ఊరికే పోతున్న కరెంటుతో పోలిస్తే అది మంచి బేరమే.